నడుమెత్తు పందిరి కింద తెల్ల ద్రాక్ష

హైదరాబాదు చుట్టుపక్కల ద్రాక్షతోటలు చూసినవారికి పందిరి అనగానే తల పైకెత్తి గుత్తులు కోసే దృశ్యం గుర్తుకు వస్తుంది. ఇటలీ వాయవ్య మూలన, మోన్ బ్లాన్ పర్వతం పాదాల వద్ద ఉన్న మోర్జే, లా సాల్ గ్రామాలలో మాత్రం పందిరి ఇంచుమించు నడుమెత్తున ఆగిపోతుంది. కోతకు వచ్చినవారు వంగి, ఒక్కోసారి మోకాళ్లపై కూర్చుని, ఆకుల కిందికి చేయి చాపవలసిందే. అక్కడి తెల్ల ద్రాక్ష రకం పేరు ప్రియే బ్లాన్. ఈ గ్రామాలున్న ఆవోస్తా లోయలో సుమారు 900 నుంచి 1,200 మీటర్ల ఎత్తున పెరిగే దీని తోటలు యూరప్‌లోని అత్యంత ఎత్తైన ద్రాక్షతోటల కోవలోకి వస్తాయి.

పందిరి పొట్టిగా ఉండటం వెనుక లెక్క ఉంది. వెయ్యి మీటర్లు పైకి వెళితే గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ పడిపోతుంది. పగలు ఎండకు కాగిన నేల, రాతి గట్లు రాత్రి వదిలే వేడిని తక్కువ ఎత్తున పరచుకున్న ఆకులు కాసేపు పట్టి ఉంచుతాయి. అయినా వేసవి చిన్నదే కనుక, తక్కువ రోజులలో కాయ పండించగల రకమే ఇక్కడ బతకగలదు. ప్రియే బ్లాన్ అటువంటిది.

పండే కాయలో చక్కెర పెరుగుతూ ఉంటే, పచ్చి ఆపిల్‌కు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తరిగిపోతుంది. కాయలోని కణాలు శ్వాసక్రియలో దానిని ఖర్చు చేస్తాయి. వెచ్చదనం పెరిగిన కొద్దీ ఈ ఖర్చు పెరుగుతుంది, చల్లని రాత్రులలో మందగిస్తుంది. అందుకే ఈ ద్రాక్షతో చేసిన వైన్ లేత రంగులో, తేలికగా, గట్టి పులుపుతో ఉంటుంది. నురుగు వైన్‌కు కావలసిన గుణం కూడా ఆ పులుపే.

నా దృష్టిలో అసలు విశేషం మట్టి కింద ఉంది. ఉత్తర అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే సూక్ష్మ కీటకం 1860ల నుంచి యూరప్ ద్రాక్షతోటలను వేళ్ల రసం పీల్చి నాశనం చేసింది. అమెరికా ద్రాక్షజాతుల వేళ్లు కీటకం చేసిన గాయాన్ని బెరడు వంటి పొరతో మూసుకోగలవు, యూరప్ జాతి వేళ్లకు ఆ శక్తి చాలదు. అందువల్ల నేడు యూరప్ తోటలలో అధిక భాగం అమెరికా ద్రాక్ష వేళ్లపై అంటుకట్టిన తీగలే. ఎత్తూ, చలీ, ఏకాంతమూ కలిసిన మోర్జేలో ఆ కీటకం నిలదొక్కుకోలేదు. చక్కెరను పిసినారిగా ఇచ్చే చలే తీగను కాపాడిందన్నమాట. ఇక్కడి ప్రియే బ్లాన్ తీగలు ఇప్పటికీ సొంత వేళ్లపైనే నిలిచి ఉన్నాయి.

దీనివల్ల రైతుకు ఒక పాత వెసులుబాటు మిగిలింది. అంటుకట్టిన తోటలో తీగ చనిపోతే నర్సరీ నుంచి కొత్త మొక్క తేవాలి. సొంత వేళ్ల తోటలో, మన పెరట్లో మల్లెకు నేలంటు తొక్కినట్లే, పక్క తీగ కొమ్మను వంచి మట్టిలో పూడ్చి, కొనను మాత్రం పైకి వదిలితే సరిపోతుంది. కొమ్మ వేళ్లూనే దాకా తల్లితీగే దానికి ఆహారం అందిస్తుంది.