ఎముకను వెతుక్కునే ఫ్లోరైడ్

నీళ్లు బాగాలేవంటే ఎవరైనా ముందు ఇచ్చే సలహా ఒకటే: కాచి తాగండి. సూక్ష్మజీవులున్న నీళ్లకు అది మంచి మాటే. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లకు మాత్రం ఎదురు తిరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రెండు లీటర్లు తీసుకుని, మరిగించి మరిగించి లీటరు చేశామనుకోండి. ఆవిరై పోయేది నీరే, ఫ్లోరైడ్ దాదాపు అంతా గిన్నెలోనే మిగులుతుంది. అంటే ఇప్పుడు లీటరుకు 3 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 1.5.

గుడ్డలో వడకట్టినా, క్యాండిల్ ఫిల్టర్‌లో పోసినా, క్లోరిన్ కలిపినా అది పోదు. ఫ్లోరైడ్ నీళ్లలో తేలే నలుసు కాదు, పూర్తిగా కరిగిపోయిన అయాన్, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువు. రంగు లేదు, వాసన లేదు, రుచిలోనూ తెలియదు. టీడీఎస్ మీటర్ కూడా దీన్ని పట్టివ్వదు. కరిగిన లవణాలన్నిటికీ కలిపి ఒక అంకె చూపడమే దాని పని. మీటర్ 300 అని చూపిస్తే, అందులో ఫ్లోరైడ్ లీటరుకు అర మిల్లీగ్రామో, మూడు మిల్లీగ్రాములో దానికి తెలియదు. "టీడీఎస్ తక్కువే, భయం లేదు" అని ఎవరైనా అంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

గ్రానైట్ లాంటి రాళ్లలోని ఫ్లోరైట్, అపటైట్, నల్ల అభ్రకం అనే ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ని పట్టుకుని గట్టి పదార్థంగా మార్చేస్తుంది. కాల్షియం తక్కువైన చోట దాన్ని ఆపేవాళ్లుండరు.

కాల్షియం మీద ఉన్న ఈ మక్కువే మన ఒంట్లో కొంప ముంచుతుంది. ఎముకలు, పళ్లు కాల్షియం ఫాస్ఫేట్‌తో కట్టినవి. అందులో ఉండే హైడ్రాక్సైడ్ అయాన్, ఫ్లోరైడ్ అయాన్ దాదాపు ఒకే సైజు. అది లేచిన చోట ఇది కూర్చుంటుంది. కొద్దిగా అయితే పన్ను గట్టిపడుతుంది. మోతాదు మించితే, చిన్నపిల్లల చిగుళ్ల లోపల తయారవుతున్న పళ్లు మచ్చలతోనే బయటికి వస్తాయి. ఏళ్ల తరబడి మరీ ఎక్కువ తాగినవాళ్లకు కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగిపోతుంది. అలా వంగిన వెన్నును మళ్లీ నిటారుగా చేసే మందు లేదు.

శుద్ధి చేసే పద్ధతుల్లో చాలావరకు ఈ మక్కువనే వాడుకుంటాయి. పశువుల ఎముకలను గాలి సరిగా తగలకుండా కాల్చి చేసిన బొగ్గులోంచి నీళ్లు పోనిస్తే, మన ఎముకలో చేరాల్సిన ఫ్లోరైడ్ ఆ ఎముకలో చేరుతుంది. అల్యూమినియం అన్నా దానికి అంతే ఇష్టం. అందుకే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికల ఫిల్టర్లు వచ్చాయి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్గొండ పద్ధతిదీ ఇదే దారి. బకెట్ నీళ్లలో సున్నం, పటిక, కాస్త బ్లీచింగ్ పౌడర్ కొలత ప్రకారం వేసి, ముందు జోరుగా, తర్వాత నెమ్మదిగా కలుపుతారు. కాసేపటికి దూది పింజల్లాంటి తెల్లటి తునకలు కనిపిస్తాయి. ఫ్లోరైడ్‌ని అంటించుకుని అవి మెల్లగా అడుక్కి దిగుతాయి. గంట కదపకుండా ఉంచి పైతేట తీసుకోవాలి. కరెంటు అక్కర్లేదు. పటిక మోతాదు తప్పితే మాత్రం అల్యూమినియం నీళ్లలో మిగులుతుంది, అడుగున చేరిన మడ్డిని ఎక్కడ పడితే అక్కడ పారబోయకూడదు.

ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ని చాలావరకు ఆపుతుంది, నైట్రేట్‌నీ తగ్గిస్తుంది. కానీ కాల్షియం, మెగ్నీషియం కూడా తీసేస్తుంది, బోలెడు నీళ్లు వృథాగా వదిలేస్తుంది. నీళ్లలో ఉన్నది ఇనుమైతే ఇంత హంగామా అక్కర్లేదు, గాలి బాగా తగిలిస్తే తుప్పుగా మారి అడుక్కి చేరుతుంది. ఆర్సెనిక్‌ను ముందు ఆక్సీకరణం చేస్తే, ఆ తుప్పుకే బాగా అంటుకుంటుంది.

వీటన్నిటికంటే నన్ను కంగారు పెట్టేది నిండిపోయిన ఫిల్టర్. అల్యూమినా గుళికల్లో ఫ్లోరైడ్‌ని పట్టుకునే చోటు అయిపోయాక కూడా నీళ్లు అదే ధారగా, అంతే తేటగా వస్తూనే ఉంటాయి. లోపల ఫ్లోరైడ్ దాటిపోతున్నా పైకి ఏ గుర్తూ ఉండదు. కాస్టిక్ సోడాతో కడిగి, తర్వాత పల్చటి ఆమ్లం పోసి ఆ గుళికలను మళ్లీ పనిలోకి తేవచ్చు, కానీ ఎప్పుడు కడగాలో తెలియాలి కదా. అది చెప్పేది జిర్కోనియం అనే లోహం, అలిజరిన్ అనే రంగు కలిపిన ఎర్రటి ద్రావణం. పరీక్ష గొట్టంలో నీళ్లు పోసి ఆ చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ జిర్కోనియంని లాగేసుకుంటుంది. ఎరుపు మెల్లగా పసుపులోకి తిరుగుతుంది.