ఓడ కొటేషన్‌లో ఇన్ని చార్జీలు ఎలా వచ్చి చేరాయి?

సముద్రం మీద సరుకు పంపడానికి కొటేషన్ అడిగితే, పై వరుసలో ఓషన్ ఫ్రైట్, అంటే ఓడ కిరాయి ఉంటుంది. దాని కింద బీఏఎఫ్ (ఇంధనానికి), సీఏఎఫ్ (కరెన్సీ మార్పులకు), టీహెచ్‌సీ (రేవు పనికి), ఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ గంధకం ఉన్న ఇంధనానికి) అంటూ పొడి అక్షరాల చార్జీలు బారులు తీరి ఉంటాయి. ఒక్కోసారి వాటి మొత్తం అసలు ఫ్రైట్‌నే మించిపోతుంది. కొత్తగా ఎగుమతులు మొదలుపెట్టినవాళ్లకు దేన్ని ఒప్పుకోవాలో, దేన్ని అడగాలో అర్థం కాక టెన్షన్ పట్టుకుంటుంది. వీటిలో చాలావాటికి పుట్టిన కాలం, కారణం ఉన్నాయి. తాత్కాలికం అంటూ వచ్చి, కారణం తీరాక కూడా వెళ్లనివీ ఉన్నాయి.

రేటు ఓడల కంపెనీలే కూడబలుక్కుని నిర్ణయించే అలవాటు చాలా పాతది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆవిరి ఓడలు పెరిగిపోయి, పోటీలో రేట్లు పడిపోయాయి. దాంతో 1875లో బ్రిటన్-కలకత్తా మార్గంలో నడిచే కంపెనీలు ఒక్కటై అందరికీ ఒకే రేటు పెట్టుకున్నాయి. ఇలాంటి కూటమినే ‘కాన్ఫరెన్స్’ అన్నారు. రెండేళ్లకే రిబేటు పద్ధతి తెచ్చారు. కొంతకాలం మా ఓడల్లోనే పంపితే కట్టినదాంట్లో కొంత తర్వాత తిరిగిస్తాం, మధ్యలో బయటి ఓడలో పంపితే అది రాదు అని షరతు. వర్తకుణ్ని కదలకుండా కట్టేసే ఏర్పాటిది. యూరప్‌లో ఈ కాన్ఫరెన్సులకు పోటీ చట్టం నుంచి ఉన్న మినహాయింపు 2008 అక్టోబరులో గానీ పోలేదు. అందరూ ఒకే రకం సర్‌చార్జీలు (అదనపు చార్జీలు) వేసే పద్ధతి మాత్రం మిగిలిపోయింది.

1956 ఏప్రిల్ 26న లారీ వ్యాపారి మాల్కమ్ మెక్లీన్ పంపిన ‘ఐడియల్ ఎక్స్’ అనే ఓడ 58 కంటైనర్ పెట్టెలతో అమెరికాలోని న్యూఆర్క్ నుంచి హ్యూస్టన్‌కు బయల్దేరింది. విడి సరుకు ఎక్కించడానికి అప్పట్లో టన్నుకు 5.83 డాలర్లు అవుతుంటే, పెట్టెల్లో ఎక్కిస్తే 16 సెంట్లు కూడా కాలేదని లెక్క తేలింది. అంతకుముందు ఏ సరుకైతే ఆ సరుకుకు వేరే రేటు ఉండేది. కంటైనర్ వచ్చాక మెల్లగా లోపల ఏముందన్నది పక్కకు పోయి, పెట్టెకు ఇంత అనే లెక్క నిలబడింది. ఇవాళ 20 అడుగులకో 40 అడుగులకో రేటు చెప్పడం అందుకే.

సర్‌చార్జీలు గట్టిగా పాతుకుపోయింది 1970ల్లో. 1971లో డాలర్‌కూ బంగారానికీ ఉన్న లంకె తెగి, కరెన్సీల విలువలు ఊగిసలాడడం మొదలైంది. ఆ నష్టం పూడ్చుకోవడానికి సీఏఎఫ్. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి, కొన్ని నెలల్లోనే ధర దాదాపు నాలుగింతలైంది. ఓడ నడిపే ఖర్చులో ఇంధనానిదే పెద్ద వాటా, కాబట్టి బీఏఎఫ్ తప్పనిసరి అయింది. ఇందులో న్యాయం ఉందనే అనుకుంటాను. ఆరు నెలల ముందే రేటు ఒప్పుకున్న కంపెనీ, చమురు ధర పెరిగితే ఎక్కడి నుంచి తెస్తుంది? అయితే ధర తగ్గినప్పుడు ఈ చార్జీ అంతే వేగంగా తగ్గుతోందా అని అడిగే హక్కు మనకూ ఉంది. దేని ఆధారంగా, ఎన్నాళ్లకోసారి మారుస్తారో కొటేషన్ తీసుకునేటప్పుడే అడగాలి.

టీహెచ్‌సీది ఇంకో కథ. రేవులో పెట్టె దించడం, పేర్చడం, ఓడ ఎక్కించడం లాంటి ఖర్చులు ఒకప్పుడు ఫ్రైట్‌లోనే కలిసి ఉండేవి. 1980ల చివర, 1990ల్లో వాటిని విడదీసి వేరే వరుసగా చూపడం మొదలైంది. రేవు చేసే పనికి రేవు చార్జీ అన్నది కంపెనీల వాదన. ఫ్రైట్ తగ్గించకుండా పాత ఖర్చుకే రెండోసారి వసూలు చేస్తున్నారన్నది ఎగుమతిదారుల గోడు. ఆ గొడవ ఇప్పటికీ పూర్తిగా సద్దుమణగలేదు.

తర్వాతివి త్వరగా చెప్పుకోవచ్చు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఓడలు, రేవుల భద్రతా నియమావళి ఐఎస్‌పీఎస్ 2004 జులైలో అమల్లోకి వచ్చి, వెంట చార్జీని తెచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకం పరిమితి 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గింది. ఎల్‌ఎస్‌ఎస్ ఇలాంటి గంధకం నిబంధనల ఫలితమే. 2024 నుంచి యూరప్‌కు వచ్చిపోయే ఓడలు కర్బన ఉద్గారాలకు డబ్బు కట్టాలి, అదీ ఒక వరుసై కూర్చుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి. ఆ అదనపు రోజులకు ఇంకో సర్‌చార్జీ.

చిన్న వ్యాపారికి ఎక్కువ దెబ్బ తగిలేది ఎల్‌సీఎల్‌లో, అంటే పలువురి సరుకు ఒకే కంటైనర్‌లో వెళ్లేటప్పుడు. అక్కడ సరుకు ఎన్ని ఘనపు మీటర్లు, ఎన్ని టన్నులు (వెయ్యి కిలోలు) అని చూసి, ఈ రెండింటిలో ఏ అంకె ఎక్కువైతే దాని మీద లెక్క. 1.2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తున్న ప్యాలెట్ 400 కిలోలే తూగినా, కట్టాల్సింది 1.8 యూనిట్లకు. ఇలా పలువురి సరుకు ఒక పెట్టెలో కలిపి పంపే కన్సాలిడేటర్లు కొందరు ఫ్రైట్ సున్నా అంటారు, ఇంకొందరు ఎదురు డబ్బిస్తామంటారు. ఆ సొమ్మంతా అవతలి రేవులో సరుకు విడిపించుకునే మనిషి దగ్గర రాబడతారు. కన్సాలిడేటర్‌ను ఎంచుకున్నది పంపినవాడు, బిల్లు కట్టేది అందుకునేవాడు. కొటేషన్‌లో అవతలి రేవు చార్జీలు రాసి ఇవ్వనంటే, ఆ సున్నాను నమ్మకపోవడమే మంచిది.

డెమరేజ్, డిటెన్షన్ కొటేషన్‌లో అంకెగా కనిపించవు, ‘ఫ్రీ డేస్’ (చార్జీ లేకుండా పెట్టె ఉంచుకోగల రోజులు) అనే చిన్న మాట వెనక ఉంటాయి. గడువు దాటాక పెట్టె టెర్మినల్‌లోనే ఉండిపోతే డెమరేజ్, బయటికి తీసుకెళ్లిన పెట్టెను తిరిగివ్వకపోతే డిటెన్షన్. 2021లో రేవులు స్తంభించి, ప్రధాన మార్గాల్లో 40 అడుగుల పెట్టె సగటు రేటు 10 వేల డాలర్లు దాటినప్పుడు, తమ తప్పు లేకపోయినా ఈ బిల్లులు కట్టినవాళ్లు ఎందరో. అమెరికా 2022లో చట్టం మార్చింది. అవసరమైన వివరాలు లేని బిల్లు కట్టనక్కర్లేదంది. 2024 మే నుంచి, చార్జీ ఆగిన 30 రోజుల్లోగా బిల్లు పంపాలన్న నియమమూ వచ్చింది. అమెరికా బయట ఈ రక్షణ వర్తించదు. అందుకే ఎన్ని ఫ్రీ డేస్, అవి ఏ రోజు నుంచి మొదలు, సెలవులు లెక్కలోకి వస్తాయా అన్నవి బుకింగ్‌కు ముందే రాతలో తీసుకోవాలి. సరుకు ఓడ ఎక్కాక బేరమాడే పట్టు వర్తకుడి చేతిలో ఉండదు.