"మా పిల్ల ఇట్లా ఉండేది కాదమ్మా": ఉన్నట్టుండి వచ్చే మెదడు జబ్బుల మీద అపోహలు - వాస్తవాలు

మాది హిందూపురం వైపు. బెంగళూరులో న్యూరో వార్డు నర్సుగా చేరి ఇరవై ఏళ్లు దాటింది. అనంతపురం, మదనపల్లె, కర్నూలు నుంచి రాత్రికి రాత్రి అంబులెన్సులో వచ్చేవాళ్లు, ఇక్కడే మారతహళ్లిలోనో కె.ఆర్. పురంలోనో కాపురం ఉంటున్నవాళ్లు, వార్డులో తెలుగు మాట వినపడితే చాలు, వచ్చి నా చెయ్యి పట్టుకుంటారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలను తీసుకొచ్చిన తల్లులు మొదట అనే మాట దాదాపు ఒకటే: "మా పిల్ల ఇట్లా ఉండేది కాదమ్మా."

ఆ మాటను తల్లి ఏడుపుగా చూసి వదిలేస్తారు. నా దృష్టిలో జబ్బు గురించి దొరికే మొదటి ఆధారం అదే.

అపోహ: "వయసు అలాంటిది. చదువు టెన్షన్."

ఇంటర్ చదివే పిల్ల రాత్రంతా నిద్రపోకుండా, ఎవరో తనను చూస్తున్నారంటూ భయపడుతుంటే ఇంట్లో వచ్చే అనుమానాలు రెండే: పరీక్షల భయం, లేదా ప్రేమ వ్యవహారం. ఫోన్ లాక్కుంటారు. హాస్టల్ నుంచి ఇంటికి తెచ్చేస్తారు. మందలిస్తారు. అలా ఒక వారం పోతుంది.

టెన్షన్ వల్ల పిల్లలు మారతారు, కాదనను. మానసిక జబ్బులు కూడా ఈ వయసులోనే మొదలవుతాయి. కానీ అవి చాలావరకు నెలల తరబడి మెల్లగా ముదురుతాయి. బాగా ఉన్న పిల్ల కొద్ది రోజుల్లో, ఒకటి రెండు వారాల్లో వేరే మనిషైపోతే మాత్రం మెదడు వాపు ఉందేమో చూడాలి. డాక్టర్లు దాన్ని ఎన్‌సెఫలైటిస్ అంటారు. అంతకుముందు జ్వరమో తలనొప్పో వచ్చి పోయిందా? మాట తగ్గిపోయిందా, అన్న మాటే అంటోందా? ఏమీ తినకపోయినా నమిలినట్టు నోరు, నాలుక ఆడిస్తోందా? చేతులు వంకర్లు పోతున్నాయా? బిగుసుకుపోయి ఒకేవైపు చూస్తోందా? ఫిట్స్ వచ్చాయా? వీటిలో ఒక్కటి తోడైనా రేపటిదాకా ఆగొద్దు, ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

వెళ్లేటప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్లండి. ఏ తేదీన జ్వరం, ఏ రాత్రి నుంచి నిద్ర లేదు, ఎప్పుడు మొదటిసారి వింతగా మాట్లాడింది, ఏ మందులు వేశారు. పిల్ల చేసే వింత కదలికలను ఫోన్లో వీడియో తీయండి. డాక్టరు వచ్చే సమయానికి అవి ఆగిపోయి ఉండొచ్చు.

ఇంకోటి. మన పిల్లలకు కన్నడ రాకపోవచ్చు. "ఈ రోజు ఏ వారం?" అని కన్నడలోనో ఇంగ్లీషులోనో అడిగితే బదులివ్వకపోవడాన్ని అయోమయం అనుకునే ప్రమాదం ఉంది. తెలుగు వచ్చినవాళ్లతో అడిగించమని మొహమాటపడకుండా చెప్పండి.

అపోహ: "నటిస్తోంది."

ఇది ఇళ్లలోనే కాదు, ఒకప్పుడు మా నర్సుల్లో కూడా ఉండేది. నేను 2004లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, అప్పుడు నేను పనిచేసిన ఆసుపత్రికి ఒక కాలేజీ అమ్మాయిని తెచ్చారు. పకపకా నవ్వేది, మరుక్షణం కొయ్యలా బిగుసుకుపోయేది. స్కాన్‌లో ఏమీ లేదు. "యాక్షన్ చేస్తోంది" అన్నారు పెద్దవాళ్లు, నేనూ నమ్మాను. ఆమెను ఇంటికి పంపేశారు. తర్వాత ఏమైందో తెలియదు.

2007లో జోసెప్ డాల్మావ్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు ఒక జబ్బును గుర్తించి రాశారు. శరీరాన్ని కాపాడాల్సిన యాంటీబాడీలే మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టార్ల మీద పడతాయి. ఆ రిసెప్టార్లు జ్ఞాపకానికి, ఆలోచనకు అవసరమైనవి. అందుకే మొదట ప్రవర్తన మారుతుంది, ఆ తర్వాత ఫిట్స్, మాట పడిపోవడం, ఒక్కోసారి ఊపిరి, గుండె వేగం కూడా అదుపు తప్పడం. ఆ వర్ణన చదివిన రోజు నాకు ఆ అమ్మాయి ముఖం గుర్తొచ్చింది. ఆమెకు అదే జబ్బని చెప్పలేను. కానీ ఆ రోజు నుంచి "నటిస్తోంది" అనే మాటను నా వార్డులో ఎవరినీ అననివ్వలేదు.

ఈ జబ్బులో సగం మందికి పైగా మొదటి ఎంఆర్ఐ నార్మల్‌గానే వస్తుంది. నార్మల్ రిపోర్టు చూసి ఇంటికి బయలుదేరకండి. మెదడులోని కరెంటు తరంగాలను చూసే ఈఈజీ పరీక్షలో చాలామందికి తేడా కనిపిస్తుంది. అసలు రుజువు వెన్నులో నీటి పరీక్షలో దొరికే యాంటీబాడీలు.

అపోహ: "వెన్నులో నీళ్లు తీస్తే కాళ్లు పడిపోతాయి."

ఈ భయంతో సంతకం పెట్టని నాన్నలను ఎంతమందిని చూశానో. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది గుచ్చేది దానికంటే కింద. తీసేది కొన్ని మిల్లీలీటర్లు. మన శరీరం ఆ నీటిని రోజుకు దాదాపు అర లీటరు తయారు చేస్తుంది, కాబట్టి తీసింది గంటల్లో నిండిపోతుంది. తలలో ఒత్తిడి ఎక్కువుందేమో డాక్టర్లు ముందే చూసుకుంటారు. తర్వాత కొన్నాళ్లు తలనొప్పి, నడుము నొప్పి ఉండొచ్చు.

రిపోర్టులు రాకముందే మందులు మొదలుపెడితే కూడా కంగారుపడొద్దు. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడు వాపు చాలా ప్రమాదకరం. దానికి ఎసైక్లోవిర్ అనే మందు ఉంది. ఎంత ముందు పడితే అంత మంచిది కనుక అనుమానం రాగానే ఎక్కిస్తారు.

అపోహ: "పెళ్లి కావాల్సిన పిల్లకు కడుపు స్కాన్ ఎందుకు?"

తల జబ్బుకు పొత్తికడుపు స్కాన్ రాయగానే ఇంటివాళ్ల ముఖాలు మారిపోతాయి. ఒక అవ్వ నాతో గొడవే పెట్టుకుంది. "మా మనవరాలిని ఏమని అనుమానిస్తా ఉన్నారు మీరు?"

అనుమానం ఏమీ లేదు. ఎన్‌ఎండీఏ జబ్బు వచ్చిన ఆడపిల్లల్లో కొందరికి అండాశయంలో టెరటోమా అనే గడ్డ ఉంటుంది. చిన్నపిల్లల్లో అరుదు, వయసుకొచ్చాక ఎక్కువ. ఆ గడ్డలో నరాల కణజాలం కూడా ఉంటుంది. దాని మీదికి లేచిన యాంటీబాడీలు మెదడు మీదికి పోతాయి. గడ్డ ఉంటే తీసేయాలి, అప్పుడే మందులు బాగా పనిచేస్తాయి. స్కాన్ పొట్ట పైనుంచే చేయించుకోవచ్చు. ఒకవైపు అండాశయం తీసేయాల్సి వచ్చినా, రెండోది బాగుంటే పిల్లలు పుడతారు. ఇదంతా అవ్వ పక్కన కూర్చుని చెప్పాను. "ఈ మాట ముందే చెప్పకూడదామ్మా" అంది. నిజమే, మేము ముందే చెప్పాల్సింది.

మందుల దగ్గరా ఇలాంటి భయమే. స్టెరాయిడ్లు, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు), ప్లాస్మా మార్పిడి (రక్తంలోని నీటి భాగాన్ని మార్చడం) సరిపోకపోతే రిటుక్సిమాబ్ అనే మందు ఇస్తారు. ఇంటర్నెట్‌లో చూసి "క్యాన్సర్ మందు ఇస్తున్నారు" అని ఏడుస్తారు. అది క్యాన్సర్‌కూ వాడతారు, ఇలాంటి జబ్బులకూ వాడతారు.

అపోహ: "నిమ్హాన్స్ అంటే పిచ్చాసుపత్రి."

నేను పనిచేసేది అక్కడ కాదు. అయినా చెప్పి తీరాలి. బెంగళూరు హోసూరు రోడ్డులో ఒకప్పుడు మెంటల్ హాస్పిటల్ ఉన్న మాట నిజం. దాన్ని, ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌ను కలిపి 1974లో నిమ్హాన్స్ చేశారు. న్యూరాలజీ, న్యూరో సర్జరీ, సైకియాట్రీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. పిల్ల మారిపోయింది మనసులోనా మెదడులోనా అని తేల్చాల్సిన ఇలాంటి జబ్బుకు అంతకన్నా కావలసిందేముంది? పేరు బయటికొస్తే సంబంధాలు రావని వెనక్కి తీసుకెళ్లిన కుటుంబాలున్నాయి. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ.

గాలి సోకిందని తాయెత్తు కట్టించారా? నేను విప్పమనను. కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నారా, మంచిదే. అయితే ఆసుపత్రికి పోయే దారిలో మొక్కుకోండి. వేపమండలతో కొట్టించడం, పొగ పెట్టడం మాత్రం చేయకండి. ఫిట్స్ వచ్చే పిల్లకు అది ప్రాణం మీదికి వస్తుంది.

ఫిట్స్‌లో చేతికి తాళాలు ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. నోట్లో ఏదీ పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైం చూడండి, అయిదు నిమిషాలు దాటితే 108. ఎన్‌ఎండీఏ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు. తమ్ముణ్ణి దూరంగా ఉంచనక్కర్లేదు.

అపోహ: "కళ్లు తెరిచింది, ఇక తగ్గిపోయినట్టే."

ఐసీయూ నుంచి బయటికి రాగానే స్వీట్లు పంచుతారు. నేనూ తింటాను. కానీ ఇంటికి వెళ్లాక అసలు కష్టం మొదలవుతుంది. పిల్ల చిన్న మాటకు అరుస్తుంది. పొద్దున తిన్నది గుర్తుండదు. స్టెరాయిడ్ల వల్ల ముఖం ఉబ్బుతుంది, అద్దం చూసి ఏడుస్తుంది. "బద్ధకం" అని తిట్టకండి, మెదడు ఇంకా కోలుకుంటోంది. స్టెరాయిడ్లను మీ అంతట మీరు ఆపేయకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. జబ్బు కొందరికి తిరగబెడుతుంది కూడా, కాబట్టి మళ్లీ నిద్ర పట్టకపోయినా, మాట తడబడినా వెంటనే రండి.

ఆశ పెట్టుకోవడానికి కారణం ఉంది. 2013లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో 577 మంది రోగులను చూశారు. రెండేళ్లలో నూటికి 81 మంది తమ పనులు తాము చేసుకునే స్థితికి వచ్చారు. రెండేళ్లు అన్న మాట గుర్తుంచుకోండి. ఈ ఏడాది పరీక్ష పోతే పోనివ్వండి. తల్లి ఒక్కతే రాత్రంతా మేల్కొనకుండా ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోండి. ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే, రోజుకో అరగంట ఆ బిడ్డకే ఇవ్వండి.

నేను చెప్పానని నోటుబుక్కు రాయడం మొదలుపెట్టిన ఒకమ్మ, పిల్ల ఇంటికి వెళ్లాక కూడా రాస్తూనే ఉంది. ఎనిమిది నెలల తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు నాకు చూపించింది. మొదటి పేజీల్లో జ్వరం, ఫిట్స్, "నన్ను గుర్తుపట్టలేదు". చివరి పేజీలో ఆదివారం తేదీ వేసి ఒకే వాక్యం: "ఈ పొద్దు రిమోట్ కోసం తమ్ముడితో కొట్లాడింది, ముందు మాదిరిగానే."