కోటు పక్కకి జరిపి చూపించిన తుపాకి

పిల్లలూ,

అమెరికాలో ఇండియానా రాష్ట్రం ఫిషర్స్‌లో ఉంటున్న మా మనవరాలు మొన్న ఫోన్‌లో ఒక ప్రశ్న అడిగింది. తొమ్మిదో తరగతి చదువుతోంది, స్కూల్లో ఏదో ప్రాజెక్టు కోసం కాస్త పాత వీడియో ఒకటి చూసిందట. "తాతయ్యా, ఆయన ఎవర్నీ తిట్టలేదు, తుపాకి బయటికి తీయను కూడా తీయలేదు, కోటు కొంచెం పక్కకి జరిపి చూపించాడంతే. అది తప్పని చట్టంలో కూడా లేదట. మరి చూస్తున్న నాకెందుకు అంత టెన్షన్ వచ్చింది?" అని. ఫోన్‌లో తేలే మాట కాదమ్మా, రాస్తాను అన్నాను. దానికి రాసేదేదో మీరందరూ చదివితే మంచిదని అందరికీ కలిపి రాస్తున్నా.

ముందు జరిగిందేమిటో వినండి. 2024 జనవరి నెలాఖర్లో ఒక మంగళవారం, ఇండియానాపొలిస్‌లోని వాళ్ల రాష్ట్ర శాసనసభ భవనానికి మన్సీ అనే ఊరి నుంచి హైస్కూలు పిల్లలు కొందరు వచ్చారు. తుపాకుల మీద గట్టి నియంత్రణ కావాలని అడిగే స్టూడెంట్స్ డిమాండ్ యాక్షన్ అనే విద్యార్థి సంఘం తరఫున, సభ్యుల్ని కలిసి మాట్లాడదామని. అక్కడ వాళ్లకి జిమ్ లూకస్ ఎదురయ్యాడు. సీమోర్ ప్రాంతం నుంచి గెలిచిన రిపబ్లికన్ సభ్యుడు, మన లెక్కలో ఎమ్మెల్యే అనుకోండి. తుపాకి హక్కు గురించి ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి. నిలబడే మాటలు మొదలయ్యాయి. తుపాకి ఉంటేనే మనిషికి రక్షణ అని చెబుతూ చెబుతూ, ఇప్పుడు కూడా నా దగ్గర ఉంది అంటూ కోటు పక్కకి జరిపాడు. నడుము దగ్గర ఒరలో పిస్తోలు. పిల్లల్లో ఒకరు ఇదంతా వీడియో తీశారు. పక్కన తుపాకి ఉన్న మనిషి ఉంటే మాకు భద్రంగా అనిపించదు అని ఒకమ్మాయి అంటే, అవి ఫీలింగ్స్, నేను ఫ్యాక్ట్స్ మాట్లాడుతున్నా అన్నట్టు జవాబిచ్చాడు.

ఇందులో మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆ భవనంలోకి వెళ్లే మామూలు జనం తనిఖీ దాటుకుని వెళ్లాలి, ఆయుధం తీసుకెళ్లకూడదు. సభ్యులు మాత్రం తీసుకెళ్లొచ్చు. అంటే ఆ పిల్లలు తమ బ్యాగులు చూపించి, ఉత్త చేతులతో లోపలికి వెళ్లారు. ఎవరితో మాట్లాడదామని వెళ్లారో ఆ మనిషి నడుముకి పిస్తోలు ఉంది.

ఆయన్ని రాక్షసుడిలా ఊహించుకోకండి. అక్కడ తుపాకి ఉంచుకునే హక్కు 1791 నుంచీ రాజ్యాంగంలో ఉంది. పల్లెల్లో తండ్రులు కొడుకుల్ని జింకల వేటకి తీసుకెళ్లి నేర్పిస్తారు, తాతల నాటి తుపాకి మనవళ్లకి వస్తుంది. ఇండియానాలో 2022 జులై నుంచి పద్దెనిమిదేళ్లు దాటిన వాళ్లలో చాలామందికి, చేతి తుపాకి వెంట ఉంచుకోవడానికి పర్మిట్ కూడా అక్కర్లేదు. నా దగ్గరుంటే నేనూ క్షేమం, నా పక్కవాళ్లూ క్షేమం అని ఆయన మనసారా నమ్ముతాడు. బహుశా పిల్లలకి ధైర్యం చెబుతున్నాననే అనుకుని ఉంటాడు. మరి పిల్లలకి ధైర్యం ఎందుకు రాలేదు?

దీనికి నాకు తెలిసిన జవాబు మా సోషల్ మాస్టారి బెత్తం.

మాది పల్నాడులో చిన్న ఊరు, అప్పట్లో ఏడో తరగతి దాకానే బడి. మా మాస్టారు చాలా మంచాయన. ఎండాకాలం తన కుండలో నీళ్లు మాకు పోసేవాడు, ఫీజు కట్టలేని వాళ్లకి తనే కట్టేవాడు. ఆయన దగ్గర చింతబరిక ఒకటుండేది. బాగా ఎండి, నూనె పట్టించినట్టు నిగనిగలాడుతూ, కొస దగ్గర కొంచెం వంకర తిరిగి ఉండేది. దాంతో ఆయన కొట్టడం అరుదు. క్లాసులోకి రాగానే బల్ల మీద, సుద్దముక్కల డబ్బా పక్కన, కొస మా వైపు ఉండేలా పెట్టేవాడు. కావాలని కాదు, అలవాటు. పాఠం అయ్యాక "డౌట్లుంటే అడగండ్రా" అనేవాడు, నిజంగానే ప్రేమగా. ఒక్కడూ అడిగేవాడు కాదు. ఆయన ముఖం వంక చూద్దామన్నా కళ్లు ముందు బల్ల మీదికే పోయేవి. ఎన్నడూ దెబ్బ తినని వాడికి కూడా అంతే. సందేహం నోటిదాకా వచ్చేది, "ఇది అడిగితే ఏమన్నా అంటాడేమో" అన్న లెక్క ఒకటి మధ్యలో వచ్చి కూర్చునేది, ఆ లెక్క తేలేలోపు గంట కొట్టేవాళ్లు. మాస్టారేమో మాకు అంతా అర్థమైపోయిందనుకుని సంతోషంగా వెళ్లిపోయేవాడు. బెత్తం చేసే పని బెత్తం పట్టుకున్న వాళ్లకి తెలియదర్రా. అది ఎదురుగా కూర్చున్న వాళ్లకే తెలుస్తుంది.

ఒకరోజు ఆ బెత్తాన్ని పక్క క్లాసు పంతులుగారు పట్టుకెళ్లారు. ఆ పూట బల్ల ఖాళీగా ఉంది. ఇండియా మ్యాప్ గోడకి తగిలించి పాఠం చెబుతుంటే వెనక బెంచీ వాడొకడు, అంతకుముందు నోరు విప్పి ఎరగడు, లేచి నిలబడి "మాస్టారూ, ఇందులో మన ఊరు లేదేంటండీ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. మ్యాప్ చుట్టేసి మూలన పెట్టి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మా ఊరు గీయడం మొదలుపెట్టాడు. సాగర్ కాలవ, దాని మీద చప్టా, రాములవారి గుడి, మాలపల్లె, మిరప కల్లాలు, స్మశానం, చివరికి మా బడి. "మా ఇల్లు ఇక్కడండీ", "కాదండీ చింతచెట్టు ఇటుపక్క" అని ఒకడి తర్వాత ఒకడు లేచాం. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. మా ఊళ్లో రెండు మంచినీళ్ల బావులు ఎందుకున్నాయో, ఎవరు ఏ బావి దగ్గరికి వెళ్లకూడదో, అది ఎంత అన్యాయమో నాకు మొదటిసారి తెలిసింది ఆ పూటే. అదీ ఒక పిల్లాడే అడిగాడు, మాస్టారు తడుముకోకుండా జవాబు చెప్పాడు. బెత్తం బల్ల మీదుంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదు.

ఆ శాసనసభ భవనంలో జరిగింది కూడా ఇదే అనుకుంటా. చట్టం ఏమన్నదో, ఆయన మనసులో ఏముందో, వేరే సంగతులు. ఒర కనపడ్డాక ఆ పిల్లల బుర్రలో సగం దాని దగ్గరే ఉండిపోతుంది, మిగిలిన సగంతో వాదించాలి. అయినా వాళ్లు మాట్లాడారు చూడండి, ఆ పిల్లల గుండె ధైర్యానికి నేను దణ్ణం పెడతాను. నా పోలిక ఇక్కడిదాకానే పనికొస్తుంది. బెత్తం దెబ్బ రెండు రోజుల్లో మానుతుంది, తుపాకి దెబ్బ మానేది కాదు.

ఫీలింగ్స్ అన్నాడే, ఆ మాట దగ్గర నా మనసు కొంచెం కష్టపడింది. అమ్మలూ, బడిలో ఎవరైనా కాల్పులు జరిపితే ఎలా దాక్కోవాలో నువ్వు కిండర్‌గార్టెన్ నుంచీ డ్రిల్లు చేస్తున్నావు, తలుపుకి గడియ పెట్టి, లైట్లు ఆర్పి, కిటికీలకి కనపడకుండా మూలన కూర్చోవడం. ఆ డ్రిల్లు ఊరికే పుట్టలేదు. మీ పక్కూరే నోబుల్స్‌విల్, 2018 మే నెలలో అక్కడి మిడిల్ స్కూల్లో పదమూడేళ్ల పిల్లాడు క్లాసులో కాల్పులు జరిపాడు. సైన్సు మాస్టారు చేతికందిన బాస్కెట్‌బాల్ వాడి మీదికి విసిరి, మీద పడి పట్టుకున్నాడు. ఆయన ఒంట్లో మూడు గుళ్లు దిగాయి, ఒక విద్యార్థినికి తీవ్ర గాయాలయ్యాయి, ఇద్దరూ బతికి బయటపడ్డారు. 2021 ఏప్రిల్‌లో ఇండియానాపొలిస్ ఫెడెక్స్ గోదాములో ఎనిమిది మంది పోయారు. అందులో నలుగురు సిక్కులు, మన దేశం నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల వాళ్లు. కాల్చినవాడి దగ్గర అంతకు ఏడాది ముందే పోలీసులు ఒక తుపాకి లాక్కున్నారు, వాడి తల్లే భయపడి చెప్పింది. ప్రమాదకరమైన మనిషికి తుపాకి దక్కకుండా చేసే చట్టం ఆ రాష్ట్రంలో 2005 నుంచీ ఉంది. వాడిని మాత్రం ఆ చట్టం కింద కోర్టు ముందుకి తీసుకెళ్లలేదు, తర్వాత వాడు చక్కగా దుకాణంలో రెండు రైఫిళ్లు కొనుక్కున్నాడు. 2023లో టెక్సస్‌లోని ఆలెన్‌లో ఒక మాల్‌లో పోయిన వాళ్లలో మన హైదరాబాద్ వైపు అమ్మాయి, ఇంజనీరు, ఒకరున్నారు. 2020 నుంచి ఆ దేశంలో ఏడాది దాటిన పిల్లల నుంచి పంతొమ్మిదేళ్ల లోపు వాళ్ల దాకా, చావులకి మొదటి కారణం తుపాకి. ఇన్ని తెలిసిన పిల్లకి భయమేస్తే ఆ భయం ఫ్యాక్ట్ కాకుండా ఎలా పోతుంది?

మన దేశంలో అంతా బాగుందని చెప్పను. పల్నాడులో పుట్టినవాడిని, నాటు బాంబులు ఏం చేశాయో చూసినవాడిని. ఒక్క పద్ధతి మాత్రం నాకు చాలా ఇష్టం. మా ఊళ్లో ఒక పెద్దాయనకి జోడు తుపాకి ఉండేది, పంట మీద పడే పందుల కోసమని లైసెన్సు తీసుకున్నాడు. ఎన్నికలొస్తే పోలీసు స్టేషన్లో అప్పగించాలి. ఆయన దాన్ని పాత దుప్పట్లో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని పోయి ఇచ్చేసి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేవాడు. ఓట్ల లెక్కింపు అయ్యాక తెచ్చుకునేవాడు. ఊరంతా కూర్చుని ఎవరు కావాలో తేల్చుకునే నెల రోజులూ తుపాకి ఊళ్లో ఉండకూడదు, అంతే. ఇప్పటికీ ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు జమ చేయిస్తారు. మన పార్లమెంటు ఆవరణలోకి సభ్యులైనా సరే ఆయుధం తీసుకెళ్లడానికి వీల్లేదు.

పిల్లలు అడిగితే ఏమవుతుందిలే అనుకోకండి. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ స్కూల్లో పదిహేడు మంది చనిపోయారు. వారం తిరక్కుండా ఆ స్కూలు పిల్లలు బస్సులెక్కి వందల మైళ్ల దూరం రాజధాని టలహాసీకి పోయారు. వాళ్లు దారిలో ఉండగానే, కొన్ని రకాల తుపాకులు నిషేధించే బిల్లు చర్చకి తీసుకోబోమని సభ ఓటేసింది. అప్పటికే అక్కడికి చేరి గ్యాలరీలో కూర్చుని చూస్తున్న ఆడపిల్లలు ఏడ్చారు. ఏడ్చి ఇంటికి పోలేదు, గది గది తిరిగి అడిగారు. మార్చి 9న, తుపాకి హక్కుల్ని గట్టిగా సమర్థించే పార్టీకే చెందిన గవర్నరు, తుపాకి కొనే వయసు ఇరవై ఒకటికి పెంచుతూ, ప్రమాదకరమైన వాళ్ల దగ్గర్నుంచి కోర్టు ఆర్డరుతో తుపాకి తీసుకునే వీలు కల్పిస్తూ చట్టం మీద సంతకం పెట్టాడు. మూడు వారాల పైచిలుకు, అంతే. అడిగినవన్నీ రాలేదు, కొన్ని వచ్చాయి.

అమ్మలూ, మీ స్టేట్‌హౌస్, అదే ఆ శాసనసభ భవనం, మీ ఇంటికి అరగంట దూరం. 1888 నాటి సున్నపురాయి కట్టడం, మధ్యలో తలెత్తి చూస్తే రంగు అద్దాల గుమ్మటం, చూడ్డానికే వెళ్లొచ్చు. జనవరిలో సభ మొదలవుతుంది, పైన గ్యాలరీలో ఎవరైనా కూర్చోవచ్చు. నాన్నని ఒకపూట సెలవు పెట్టమని చెప్పి, తమ్ముణ్ణి కూడా తీసుకుని వెళ్లు. మీ ప్రాంతం నుంచి గెలిచిన సభ్యుడెవరో ముందే కనుక్కో, అడగాలనుకున్నది కాగితం మీద రాసుకో, ఒక్కటే ప్రశ్న చాలు. గ్యాలరీలో కూర్చున్నప్పుడు మాట్లాడేవాళ్లని కాకుండా వినేవాళ్లని చూడు, ఎవరు ఫోన్ చూసుకుంటున్నారు, ఎవరు తలెత్తి వింటున్నారు అని. బయటికొచ్చాక ఆయన ఏం చెప్పాడో, ఎంతసేపు నిలబడి విన్నాడో నాకు రాయి.

ఇక్కడున్న పిల్లలూ, మీరు మీ ఊళ్లో పోలీసు స్టేషన్ పక్కన ఉండే పెద్దవాళ్లెవరినైనా అడగండి, మన ఊళ్లో ఎన్నికలప్పుడు తుపాకి జమ చేసే వాళ్లెవరైనా ఉన్నారా అని. ఉంటే వాళ్ల దగ్గరికెళ్లి ఆ రసీదు ఒకసారి చూపించమనండి.

మీ తాతయ్య