జమ్మిచెట్టు మీది ఆయుధాలు: రిటైరైన హీరో కథలపై అపోహలు - వాస్తవాలు

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ పక్కన ఒక పల్లె. పదిహేనేళ్లుగా హైదరాబాద్‌లో సినిమా కథల మీద పని చేస్తున్నాను. స్టోరీ సిట్టింగ్‌లో, అంటే కథ మీద చర్చలో, కూర్చుంటే రెండు వారాలకోసారైనా ఈ లైన్ వినిపిస్తుంది: "ఒకప్పుడు పెద్ద మొనగాడు. అన్నీ వదిలేసి ఎక్కడో ప్రశాంతంగా బతుకుతుంటాడు. మళ్లీ దిగాల్సి వస్తుంది." ఈ కథంటే నాకు ప్రాణం. అందుకే దీన్ని పైపైన చూసి ఎవరైనా పాడు చేస్తే బాధేస్తుంది.

అపోహ: ఇది హాలీవుడ్ నుంచి తెచ్చుకున్న ఫార్ములా.

వాస్తవం: 2014లో ఇదే కథతో హాలీవుడ్ సినిమా 'జాన్ విక్' వచ్చాక కొత్తగా రాస్తున్న తమ్ముళ్లు చాలామంది అలాగే అనుకుంటున్నారు. దసరా సాయంత్రం మనం జమ్మిచెట్టు దగ్గరికి ఎందుకు పోతామో ఒకసారి గుర్తు చేసుకోండి. జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం కదా, ఆ చెట్టు మీదే పాండవులు ఆయుధాలు దాచారు. ఎవరూ దగ్గరికి రాకుండా శవాన్ని కట్టినట్టు కట్టి మరీ దాచారు. భీముడు వంటవాడయ్యాడు. అర్జునుడు బృహన్నలగా ఆడపిల్లలకు ఆట నేర్పాడు. వానలు పడకపోతే మా ఊళ్లో విరాటపర్వం చదివించేవాళ్లు. నేను ఈ కథ మొదట విన్నది అక్కడే, పెట్రోమాక్స్ లైటు వెలుగులో, అమ్మ ఒళ్లో పడుకుని.

స్క్రీన్‌ప్లే రాయడం మొదలుపెట్టాక ఉత్తర గోగ్రహణాన్ని, అంటే కౌరవులు విరాటరాజు ఆవులను తోలుకుపోయే ఘట్టాన్ని, మళ్లీ చదివాను. ఇంటర్వెల్ బ్యాంగ్, అంటే ఇంటర్వెల్ ముందు వచ్చే పెద్ద మలుపు, ఎలా కట్టాలో అందులో పూర్తిగా ఉంది. రాజు, మిగతా పాండవులు దక్షిణం వైపు యుద్ధానికి పోయారు. ఊళ్లో మిగిలింది రాజు కొడుకు ఉత్తరుడనే ఒక పిల్లవాడు, ఒక బృహన్నల. కౌరవ సేనను చూడగానే ఉత్తరుడు రథం దిగి పారిపోతాడు. అర్జునుడు వెంటపడి పట్టుకుని జమ్మిచెట్టు దగ్గరికి తెస్తాడు. చెట్టెక్కి ఆ మూట దించమంటే శవాన్ని ముట్టుకోనంటాడు ఉత్తరుడు. మూట విప్పాక ఆయుధాల మెరుపు చూసి, ఇవి ఎవరివని అడుగుతాడు. నేనే అర్జునుణ్ని అని చెప్పినా నమ్మడు. అర్జునుడి పది పేర్లు, వాటి కారణాలు చెప్తేనే నమ్ముతానంటాడు. అప్పుడు ఒక్కో పేరూ చెప్తాడు అర్జునుడు: ఫల్గుణుడు, విజయుడు, కిరీటి, సవ్యసాచి, ధనంజయుడు... ఆ తర్వాత గాజులు తీసేసి, జుట్టు ముడేసి, గాండీవం అందుకుంటాడు. హీరోను ఆకాశానికెత్తే ఇలాంటి ఘట్టాన్నే ఇవాళ మనం ఎలివేషన్ అంటున్నాం. ఇంకా ఒక్క బాణం కూడా పడలేదు, గమనించండి.

అపోహ: ఫ్లాష్‌బ్యాక్ ఎంత భారీగా ఉంటే కథ అంత బలంగా ఉంటుంది.

వాస్తవం: బలం ఫస్టాఫ్‌లో ఉంటుంది. 1995లో వచ్చిన రజనీకాంత్ 'బాషా'లో ఆటో నడిపే మాణిక్యాన్ని స్తంభానికి కట్టి కొడతారు. తిరిగి కొట్టగల మనిషి ఇంటి కోసం దెబ్బలు తింటున్నాడు. ఆ సీన్ లేకపోతే తర్వాత అతను చెయ్యి ఎత్తినప్పుడు హాల్లో అంత ఊపు రాదు. నేను రాసిన మొదటి స్క్రిప్ట్‌లో ఈ తప్పే చేశాను. నలభై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెట్టాను, హీరో ప్రశాంతంగా బతికే రోజులను మాత్రం ఒక్క పాటలో తేల్చేశాను. నెరేషన్ విన్నాయన ఒకే మాట అడిగారు: "ఇతను ఏం పోగొట్టుకుంటున్నాడు బాబూ?" నా దగ్గర జవాబు లేదు. ఆ స్క్రిప్ట్ అక్కడే ఆగిపోయింది.

పాండవుల విషయంలో ఆ జవాబు చాలా స్పష్టంగా ఉంది. ఏడాది నిండక ముందే ఎవరైనా గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. అందుకే అర్జునుడు బయటికొచ్చిన రోజు గడువు తీరిందా లేదా అని కౌరవులు లెక్కలేసుకుంటారు. దాపరికం వీడితే ఏం పోతుందో కథలో గట్టిగా లేనప్పుడు హీరో ఎంతమందిని కొట్టినా టెన్షన్ పుట్టదు.

అపోహ: భార్యో కూతురో చనిపోతేనే హీరో మళ్లీ లేస్తాడు.

వాస్తవం: దీని మీద నాకు కోపం ఉంది. ఒక ఆడమనిషిని చంపేస్తే హీరోకు కోపమొస్తుంది, సెకండాఫ్ దానంతటదే నడుస్తుంది అని సిట్టింగ్‌లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ పాత్రకు చనిపోయే ముందు ఒక్క మంచి సీన్ కూడా రాయరు. విరాటపర్వంలో అర్జునుణ్ని లేపింది ఆవుల మంద. ఏడాది పాటు ఉప్పు తిన్న ఇంటి ఆవులు, అంతే. 'జాన్ విక్'లో అయితే కుక్కపిల్ల. చనిపోయిన భార్య చివరగా పంపిన కానుక అది. వస్తువు చిన్నదే, దాని వెనక ఉన్న బంధం పెద్దది. మనం వెతకాల్సింది ఆ బంధాన్ని. మా పక్కనున్న పాలమూరు వైపు కథైతే బొంబాయి బస్సెక్కిపోయిన కొడుకు వదిలివెళ్లిన మేకపిల్లైనా చాలు, దాన్ని నమ్మేలా రాయగలిగితే.

అపోహ: ఇది వయసైపోయిన స్టార్ల కోసం పుట్టిన కథ.

వాస్తవం: 2023లో 'జైలర్' వచ్చినప్పుడు రజనీకాంత్‌కు 72 ఏళ్లు, పాత్ర కూడా రిటైరైన జైలరే. కానీ 2002 నాటి 'ఇంద్ర'లో కాశీలో టాక్సీ నడిపే హీరో ముసలివాడు కాదు. ఈ కథకు కావాల్సింది వదిలేసుకున్న ఒక జీవితం. వయసు ఎంతైనా ఫర్వాలేదు.

అపోహ: జిల్లాల్లో జనానికి ఫైట్లు చాలు, మిగతావి అక్కర్లేదు.

వాస్తవం: ఇలాంటి సినిమా వస్తే నేను హైదరాబాద్‌లో చూడను. నల్లగొండో మహబూబ్‌నగరో వెళ్లి మార్నింగ్ షో చూస్తాను, పక్క వరుసలో కూర్చుని స్క్రీన్ కంటే జనాన్నే ఎక్కువ చూస్తాను. పెద్ద ఈల మొదటి దెబ్బకు పడదు. హీరో భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టే దగ్గర, చేతిలోని టీ గ్లాసు మెల్లగా కింద పెట్టే దగ్గర పడుతుంది. ఫైట్ మొదలయ్యాక గోల ఉంటుంది, కానీ ఆ ఈల వేరు.

అపోహ: అలాంటి మనిషి గతం గురించి పంచ్ డైలాగులు చెప్తాడు.

వాస్తవం: మా ఊళ్లో ఒక తాత ఉండేవాడు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో దళంలో తిరిగిన మనిషి. తర్వాత నాగలి పట్టుకుని, రెండెకరాల చెలక చేసుకుంటూ బతికాడు. చిన్నప్పుడు నేను పోయి తుపాకి కథలు చెప్పమని సతాయించేవాణ్ని. "గవన్నీ ఎందుకు బిడ్డా, అన్నం తిన్నవా?" అనేవాడు. అంతకు మించి ఏనాడూ చెప్పలేదు. కానీ ఎవరింటికి పోయినా గోడకు వీపు ఆనించి, వాకిలి కనబడేలా కూర్చునేవాడు. రాత్రిపూట ఊళ్లోకి జీపు వచ్చిన చప్పుడు వినిపిస్తే మాట మధ్యలో ఆపేసి, చెయ్యి చాచి కందిలి (లాంతరు) వత్తి తగ్గించేవాడు. జీపు దాటిపోయాక మళ్లీ పెంచేవాడు. అప్పటికి ఆ పోరాటం ముగిసి ముప్పై ఏళ్లు దాటింది.

ఇప్పుడు రాస్తున్న స్క్రిప్ట్‌లో నా హీరో మొదటి సీన్ అదే. జీపు చప్పుడు, కందిలి వత్తి మీద ఒక చెయ్యి. డైలాగ్ లేదు. అతనెవరో చెప్పే వాయిస్ ఓవర్ ఒకటి పెడదామని సిట్టింగ్‌లో అడుగుతున్నారు. నేను ఇంకా ఒప్పుకోలేదు.