బిల్డర్ తగ్గించింది ఫ్లెక్సీ మీదా, అగ్రిమెంటులోనా? కొత్త ఇంటి ఆఫర్లపై అపోహలు - వాస్తవాలు

ఆషాఢంలో బుకింగులు పడిపోతాయి కాబట్టి ఆఫర్లు ఎక్కువ. మహబూబ్‌నగర్ భూత్పూర్ రోడ్డులోనైనా, నల్లగొండ దేవరకొండ రోడ్డులోనైనా అంతే. హోమ్ లోన్ ఇచ్చే ముందు బ్యాంకుల తరఫున ఇంటికి విలువ కట్టడం నా పని. తగ్గింపు ఎంతైనా చెప్పనీ, అగ్రిమెంటులో రాసిన ధర దిగకపోతే నా లెక్కలో అది తగ్గింపే కాదు.

అపోహ: "మాడ్యులర్ కిచెన్, రెండు ఏసీలు ఫ్రీ. నాలుగు లక్షలు మిగిలినట్టే."

వాస్తవం: మిగలకపోగా మీదికెళ్లి ఖర్చయ్యేదే ఎక్కువ. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు మామూలుగా జీఎస్టీ 5 శాతం. అయితే 2019 ఏప్రిల్ నుంచి, మొత్తం ధర 45 లక్షలు దాటకుండా, మన ఊళ్ల వంటి నాన్-మెట్రో చోట్ల కార్పెట్ ఏరియా (ఇంటి లోపల వాడుకునే నేల) 90 చదరపు మీటర్లు మించకుండా ఉంటే 1 శాతమే. హైదరాబాద్‌లో ఆ హద్దు 60 చదరపు మీటర్లు. అంటే పట్నంలో ఈ లెక్కకు రాని సైజు మన దగ్గర వస్తుంది, సేల్స్ పిల్లలు ఈ ముక్క చెప్పరు.

కార్పెట్ ఏరియా ఆ హద్దులోపే ఉన్న ఫ్లాటు ధర 48 లక్షలు అనుకుందాం. కిచెన్, ఏసీలు వద్దని 44కు రాయించుకుంటే జీఎస్టీ 44 వేలు. 'ఫ్రీ' తీసుకుని 48కే ఒప్పుకుంటే 2 లక్షల 40 వేలు. రిజిస్ట్రేషన్ ఖర్చు మన దగ్గర ఏడున్నర శాతం, ఆ నాలుగు లక్షల మీద ఇంకో 30 వేలు. రెండూ కలిపితే 2 లక్షల 26 వేలు అదనం. పార్కింగ్, కార్నర్ చార్జీలు కూడా ఆ 45 లక్షల లెక్కలోకే వస్తాయని మరవద్దు.

అంతటితో అయిపోలేదు. విలువ కట్టేటప్పుడు నేను ఏసీలకు పైసా వేయను. అగ్రిమెంటు ధర, నేను కట్టిన విలువ, రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే బ్యాంకు లెక్క కడుతుంది. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్లకు అందులో 80 శాతం మించి ఇవ్వకూడదని ఆర్బీఐ నిబంధన. నేను 44 అని రాస్తే మీరు ఆశించిన లోనులో 3 లక్షల 20 వేలు కోత పడుతుంది. అప్పుడు చిట్టీ ఎత్తడమో, బంగారం కుదువ పెట్టడమో!

అపోహ: "పూర్తయిన ఇంటికి జీఎస్టీ మేమే కట్టుకుంటాం అన్నారు."

వాస్తవం: ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇల్లు పూర్తయింది, ఉండొచ్చని ఇచ్చే కాగితం) వచ్చాక అమ్మే ఇంటికి జీఎస్టీ లేనే లేదు. లేనిదాన్ని కట్టేదేముంది?

అపోహ: "చదరపు అడుగుకు 200 తగ్గించారు."

వాస్తవం: 1,250 అడుగులకు రెండున్నర లక్షలు, మంచిదే. కానీ తూర్పు ఫేసింగ్, పార్కింగ్, ట్రాన్స్‌ఫార్మర్, కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంటు నిర్వహణ నిధి), రెండేళ్ల మెయింటెనెన్స్ అడ్వాన్సు అన్నీ వేరే కాగితం మీద ఉంటాయి. మొత్తం ఒకే షీటులో రాయించి సంతకం తీసుకోండి. ఆ మొత్తాన్ని కార్పెట్ ఏరియాతో భాగించి రేటు చూడండి.

అపోహ: "ప్రీలాంచ్‌లో మొత్తం ఒకేసారి కడితే సగం ధరకే."

వాస్తవం: ఇది నాకు అసలు నచ్చని ఆఫర్. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఎనిమిదికి మించి ఫ్లాట్లు వేసేవాళ్లు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందు ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. హోమ్ లోన్ దొరకదు కాబట్టి జనం బంగారు లోన్లు, చేబదుళ్లు తెచ్చి కడతారు. ఇల్లు లేచేదాకా ఆ వడ్డీ, ఉంటున్న ఇంటి కిరాయి కలిపితే తగ్గింపులో ఎంత మిగులుతుందో కాగితం మీద వేసుకోండి. ఇల్లు అసలు లేవకపోతే సంగతి వేరే.

అపోహ: "తాళాలు ఇచ్చేదాకా ఈఎంఐ బిల్డర్ కడతాడు."

వాస్తవం: లోను మీ పేరు మీద. ఆయన ఆపేస్తే సిబిల్ (అప్పులు తీర్చే తీరుకిచ్చే స్కోరు) మీది చెడుతుంది. ఇలాంటి స్కీములకు అప్పులివ్వొద్దని హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2019లోనే చెప్పింది.

అపోహ: "కొంత నగదుగా ఇస్తే ధర తగ్గిస్తానన్నాడు, ఇద్దరికీ లాభమే."

వాస్తవం: ఇంటి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం, తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా. మీ వైపు చూస్తే, దస్తావేజులో ధర తక్కువ కాబట్టి లోను తక్కువ. ఆ నగదుకు రసీదు ఉండదు, బుకింగ్ రద్దయితే అడగడానికి ఆధారం లేదు. రేపు మీరు అమ్మినప్పుడు కొన్న ధర తక్కువగా కనబడి లాభం ఎక్కువ తేలుతుంది, ఆ పన్ను కట్టేది మీరే.