వినపడని చెవికే ఎందుకు గట్టిగా వినపడింది?

వరంగల్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మా బాపుకు నెల రోజుల నుంచి కుడి చెవి సరిగ్గా వినపడటం లేదు. దవాఖానకు తీసుకుపోతే సిస్టర్ ఒక ఫోర్కు లాంటిదాన్ని తన మోచేతికి కొట్టి, కాడను ఆయన నుదుటి మీద పెట్టి 'తాతా, ఏ దిక్కు వినొస్తుంది?' అన్నది. ఆయన కుడి దిక్కే అన్నాడు. వినపడని చెవిలో గట్టిగా వినపడుడేంది, మతి తప్పుతున్నాడా అని నాకు టెన్షన్. ఆమె మాత్రం 'మంచిదేలే' అని రాసుకున్నది. ఏం మంచిది?"

ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని నేను చాన్నాళ్లుగా చూస్తున్నాను. ముందు మీరొక పని చేయండి. నోరు మూసుకుని "మ్మ్మ్" అని సన్నగా రాగం తీయండి. ఆపకుండానే, కుడి చెవి రంధ్రం ముందుండే చిన్న మెత్తటి తలుపును వేలితో నొక్కి చెవి మూయండి. రాగం ఒక్కసారిగా కుడివైపుకు దూకుతుంది. వేలు తీస్తే మళ్లీ తల మధ్యకు వస్తుంది. చెవి మూస్తే శబ్దం తగ్గాలి కదా, మరి పెరిగిందేం? ఆ బాపుకు జరిగింది కూడా ఇదే. ఆయన చెవిని వేలు కాకుండా ఇంకేదో మూసింది, అంతే తేడా.

ఆ ఫోర్కు మనం బడిలో చూసిన శ్రుతిదండమే. చూసిన అంటే, బీరువా అద్దంలోంచి. మా బడిలో అది ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే బయటికొచ్చేది. బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం గానీ, కాడను నెత్తికి ఆనించి చూడమని ఏ మాస్టారూ చెప్పలేదు. నర్సింగ్ విద్యార్థుల ట్రేలో మాత్రం టార్చి, చెవి లోపలికి చూసే ఓటోస్కోపు పక్కనే అది ఉంటుంది. మామూలుగా వాడేది సెకనుకు 512 సార్లు కంపించేది. అంతకంటే బాగా తక్కువైతే శబ్దం కంటే ఎముకలో అదురు ఎక్కువ తెలుస్తుంది, రోగి రెండింటినీ కలిపేసుకుంటాడు. ఎక్కువైతే త్వరగా ఆగిపోతుంది. బల్లకేసి కొడితే వేరే స్వరాలు కూడా మోగుతాయి, అందుకే మోచేయో మోకాలో.

చెవి భాగాల పేర్లు నేను మళ్లీ చెప్పను, పదో తరగతిలో అందరం పడ్డ బాధే. కావలసింది ఒకటే: లోపలి చెవికి శబ్దం చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి గాలి దారి, రెండోది పుర్రె ఎముక. కాడను నుదుటికి ఆనిస్తే పుర్రె మొత్తం కంపిస్తుంది, రెండు లోపలి చెవులకూ దాదాపు సమానంగా శబ్దం అందుతుంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అన్న సామెత కట్టినవాళ్లకు ఈ రెండో దారి తట్టినట్టు లేదు. గాలి దారి మాత్రమే మూసుకుపోయినవాడైతే, మోగే వస్తువును పుర్రెకు ఆనించి చూపండి, చక్కగా వింటాడు.

మరి మూసిన వైపే ఎందుకు గట్టిగా? మొదటి కారణం: బాగున్న చెవిలోకి ఫ్యాన్ చప్పుడు, ఓపీలో జనం గోల పోతూనే ఉంటాయి. ఆ రద్దీలో ఎముక తెచ్చిన సన్నటి శబ్దం మునిగిపోతుంది. మూసిన చెవికి ఆ గోల లేదు. కానీ ఇదొక్కటే కాదు, నిశ్శబ్దమైన గదిలో కూడా రాగం మూసిన వైపుకే పోతుంది. రెండో కారణమే నాకు ఎక్కువ ఇష్టం. పుర్రె కంపిస్తే చెవి రంధ్రం గోడలు కూడా కంపిస్తాయి, లోపలి గాలిని కదిలిస్తాయి. తెరిచి ఉన్న చెవిలో ఆ శబ్దం, ముఖ్యంగా బొంగురు భాగం, బయటికి జారిపోతుంది. మూస్తే జారే దారి లేక కర్ణభేరి మీదికే పోతుంది. వినికిడి మిషను కొత్తగా పెట్టుకున్నవాళ్లు "నా గొంతు నాకే కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది" అని విసుక్కునేది ఇందుకే. ఆ మిషనుకు చెవి కొలతతో చేసే అచ్చులో సన్నటి రంధ్రం వదిలేదీ ఇందుకే.

చెవి మూసుకుంటే శబ్దం ఆ వైపుకు పోవడాన్ని 1834లో లైప్‌జిగ్‌లో ఎర్న్‌స్ట్ వెబర్ రాసిపెట్టాడు, అందుకే అది వెబర్ పరీక్ష. 1855లో హైన్రిక్ రిన్నె రెండోది చెప్పాడు. కాడను చెవి వెనక ఎముకకు ఆనించాలి. శబ్దం ఆగిందని రోగి అనగానే ఫోర్కును చెవి ముందుకు తేవాలి. మామూలు చెవికి ఇంకా వినపడుతుంది. ఎందుకంటే గాలి దారిలో పెద్ద యంత్రాంగం ఉంది. లోపలి చెవిలో ఉండేది నీళ్లలాంటి ద్రవం. గాలిలోంచి నేరుగా అందులోకి పోవాలంటే శబ్దశక్తిలో 99.9 శాతం వెనక్కి తిరిగిపోతుంది. దాన్ని పూడ్చడానికి దాదాపు 55 చదరపు మిల్లీమీటర్ల కర్ణభేరి మీద పడ్డ ఒత్తిడిని, 3.2 చదరపు మిల్లీమీటర్ల అంకవన్నె (మధ్యచెవిలో చివరి చిన్న ఎముక) పాదం మీదికి తెచ్చి గుచ్చుతుంది మధ్యచెవి. అక్కడ 17 రెట్లు, చిన్న ఎముకల మీటతో ఇంకో 1.3 రెట్లు, మొత్తం 22 రెట్లు. ఈ యంత్రాంగం చెడితే, లేదా గులిమి అడ్డుపడితే, ఎముకే గెలుస్తుంది. గాలి గెలిస్తే "రిన్నె పాజిటివ్", అంటే బాగున్నట్టు. కోవిడ్ తర్వాత పాజిటివ్ అన్న మాట వింటేనే ఉలిక్కిపడే మన రోగులకు ఈ పేరు అస్సలు పనికిరాదు.

బాపు చెవిలో ఉన్నది గులిమేనట. చుక్కలు వేసి మెత్తబరిచి తీసేశారు. నరం బాగుంది, దారే మూసుకుంది. సిస్టర్ "మంచిదే" అన్నది అందుకు. గులిమి దానంతటదే బయటికి నడిచొచ్చే సరుకు. చెవిపుల్లలు, బడ్స్ దాన్ని లోపలికి తోసి దట్టిస్తాయి. వెల్లుల్లి వేసి కాచిన నూనె గురించి ఒక్క మాట: కర్ణభేరికి చిల్లు ఉందో లేదో మీ అమ్మమ్మకు కనపడదు.

ఫోర్కు లేకపోయినా నర్సుకు గుసగుస ఉంది. రోగికి రెండడుగుల వెనక నిలబడాలి, పెదవులు కనపడకూడదు. రెండో చెవిని వేలితో రుద్దుతూ, ఊపిరి మొత్తం వదిలేశాక మిగిలిన గాలితో మూడు అంకెలో అక్షరాలో పలకాలి. నిండు ఊపిరితో పలికితే గుసగుస కాస్తా గట్టిదవుతుంది. తెలుగులో ఇంకో చిక్కుంది. గుసగుసలో గొంతు మోగదు, అందుకని "కాలి", "గాలి" ఒకేలా ఉంటాయి. రోగి తప్పు చెప్పాడని రాసేముందు మన మాట తప్పేమో చూసుకోవాలి. వెనక నిలబడటం ఎంత ముఖ్యమో అందరూ మాస్కులు కట్టుకున్న రోజుల్లో తెలిసొచ్చింది. పెదవులు చూసి నెట్టుకొస్తున్న పెద్దవాళ్లు ఉన్నట్టుండి "ఆఁ?" అనడం మొదలుపెట్టారు.

ఇక తిరగేసి చూడండి. లోపలి చెవో నరమో దెబ్బతింటే ఎముక తెచ్చిన శబ్దాన్ని కూడా అది అందుకోలేదు. అప్పుడు ఫోర్కు మోత బాగున్న చెవి వైపుకు పోతుంది. ఇక్కడ రిన్నె ఒక్కటే చేస్తే మోసపోతాం. పూర్తిగా పోయిన చెవి వెనక కాడ పెట్టినా, పుర్రె గుండా అవతలి చెవి వింటుంది. రోగి "వినపడుతోంది" అంటాడు, ఎముక గెలిచిందని, దారే మూసుకుందని మనం రాసుకుంటాం. అందుకే రెండు పరీక్షలూ జంటగా చేస్తారు.

నిద్ర లేచేసరికి ఒక చెవి మూసుకుపోయినట్టుందని, జలుబేమోనని వారాలు గడిపేసేవాళ్లు ఉంటారు. వాళ్లలో కొందరికి అది నరానికి సంబంధించిన ఆకస్మిక చెవుడు. స్టీరాయిడ్ వైద్యం మొదటి రెండు వారాల్లోపే, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఇలాంటి మనిషి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ అడిగితే, అవతలి సిస్టర్ చేతిలో ఫోర్కు అక్కర్లేదు. "ఒకసారి నోరు మూసుకుని మ్మ్మ్ అనండి. ఏ చెవిలో మోగుతోంది?" బాగున్న చెవిలో అంటే, వచ్చే వారం కాదు, ఈ పూటే రమ్మనాలి. మూసుకున్న చెవిలో అన్నా చూపించుకోవడం మానకూడదు గానీ, కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.